ఒకే లారీ, రెండు కాగితాలు

"రికార్డులో లేదు" అన్న మాట నా ఉద్యోగకాలంలో ఎవరి మొహం మీదా అనలేదు. అననందుకు ఇద్దరు అధికారులతో తిట్లు తిన్నాను, ఒకాయనతో శభాష్ అనిపించుకున్నాను. ఆ శభాష్ ముందు ఆ తిట్లు నాకు లెక్కలోకి రాలేదు.

సైన్యంలో క్లర్కుగా చేరి సుబేదారుగా బయటికొచ్చాను. ఆ తర్వాత మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసులో కుదిరాను. ఇల్లు సూర్యాపేటలో. కోదాడలోనూ మిర్యాలగూడలోనూ వంతులవారీగా క్యాంపులు పెట్టేవాళ్లం. ఊళ్ల నుంచి పాత సైనికులూ, వాళ్ల భార్యలూ ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు పట్టుకొని వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ కుర్చీలో కొత్తవాళ్లు కూర్చుంటున్నారు. కంప్యూటర్ పని నాకంటే వాళ్లకు బాగా వచ్చు. మనుషుల దగ్గరికొచ్చేసరికి తడబడుతున్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ సర్క్యులర్ ఎప్పుడు మారింది అన్నవి ఇందులో ఉండవు. అవి చదివి బాగుపడ్డవాళ్లను నేను చూడలేదు.

రాస్తేనే జరిగినట్టు

సైనికుడి జీవితంలో ఏం జరిగినా అతని యూనిట్ ఒక ఆర్డర్ రాస్తుంది. సెలవు మీద వెళ్లాడు, పెళ్లయింది, కూతురు పుట్టింది, గాయపడ్డాడు, పతకానికి అర్హుడయ్యాడు, అన్నీ అందులోకే. ఆ ఆర్డర్ దూరాన ఎక్కడో ఉండే రికార్డు ఆఫీసుకు చేరితే అతని పేరు మీద ఎక్కుతుంది. చేరకపోతే, సర్కారు దృష్టిలో అది జరగనే లేదు. ఒకాయనకు చాలాకాలం రికార్డులో పెళ్లే కాలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆయన భార్య మా టేబుల్ ముందు నిలబడి, "అయితే ఈ ముగ్గురిని నేను ఎవలకు కన్న సారూ?" అని అడిగింది. ఆ రోజు ఆఫీసులో పని సాగలేదు, అందరం నవ్వుతూనే ఉన్నాం.

పతకాల విషయంలో నవ్వు రాదు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఒకేచోట. ఒక యూనిట్ మనిషిని ఇంకో యూనిట్‌తో పనిచేయడానికి పంపుతారు. దీన్ని అటాచ్‌మెంట్ అంటాం. డ్రైవర్లు, వంటవాళ్లు, వైర్‌లెస్ వాళ్లు ఇట్లా తిరుగుతూనే ఉంటారు. సొంత యూనిట్ కింద లోయలో ఉంటుంది, మనిషి పైన కొండ మీద పరాయివాళ్లతో ఉంటాడు. పైవాళ్లు "ఇతను మన మనిషి కాదు, అతని ఆర్డర్ వాళ్లే రాసుకుంటారు" అనుకుంటారు. కిందివాళ్లు "పైన ఉన్నాడు కదా, వాళ్లే రాస్తారు" అనుకుంటారు. లేదా పైన ఏం జరిగిందో సరిగా తెలియకుండానే తోచింది రాసేస్తారు. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు. ఒక మనిషి జీవితం మాత్రం తప్పుగా ఎక్కి కూర్చుంటుంది.

బజారులో కొన్న పతకం

సూర్యాపేటలో ఒక బడిలో పంద్రాగస్టు పండుగకు ఒక రిటైర్డ్ హవల్దారును పిలిచారు. ఆయన కోటు వేసుకొని, పతకాలు పెట్టుకొని వచ్చాడు. సభ నడుపుతున్న ఒక యువనాయకుడు ముచ్చటపడి ఒక పతకం తిప్పి చూశాడు. వెనక దుకాణం ముద్ర ఉంది. మైకు చేతిలో ఉన్నవాడు ఊరుకుంటాడా? "పెద్దాయనా, ఇవి బజార్ల కొన్నవి గదా!" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. ఆయన జెండా ఎగరకముందే ఆటో ఎక్కి ఇంటికి పోయాడు.

నాకు తెలిసేసరికి మర్నాడైంది. ఒళ్లు మండింది. సంగతేమిటంటే, సైనికుడు ఛాతీ మీద పెట్టుకునే పతకాల్లో చాలావరకు బజారువే. అసలువి ఎప్పుడో ఏళ్ల తర్వాత చిన్న డబ్బాలో పోస్టులో వస్తాయి, కొందరికి అసలే రావు. ఈలోగా పరేడ్ ఆగదు కదా. అందుకని కంటోన్మెంటు పక్కన దుకాణంలో కొనుక్కుంటారు. అర్హత ఉందని ఆర్డర్ ఉంటే చాలు, ఎవరూ తప్పుపట్టరు. హవల్దారు ఆర్డర్ కాపీ తెప్పించి, గణతంత్ర దినోత్సవానికి అదే బడికి ఆయన్ని బతిమాలి తీసుకెళ్లాను. మైకు నేను తీసుకున్నాను. "ఇక్కడ కూర్చున్న పాత సైనికులందరి పతకాలూ బజారువే. నావి కూడా" అన్నాను. ముందు వరసలో పెద్దవాళ్లంతా పకపకా నవ్వారు. హవల్దారూ నవ్వాడు. యువనాయకుడు మంచివాడే, వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

కొత్తవాళ్లకు చెప్పేది ఇదే. లోహాన్ని చూసి మనిషిని కొలవకండి. పతకం లేదన్నవాడికి అర్హత ఉండొచ్చు, ఉన్నవాడి రికార్డు ఖాళీగా ఉండొచ్చు.

ఎవరి లంగరులో తిన్నావ్?

మా ఆఫీసుకు కొంతకాలం ఒక రిటైర్డ్ కర్నల్ పెద్ద అధికారిగా ఉన్నారు. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఆయన అరుపు వినపడితే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా లేచి నిలబడేవాళ్లు. కానీ నాకు ఈ పని నేర్పింది ఆయనే.

పాత సైనికుణ్ని "మీరు ఏ తేదీన ఏ యూనిట్‌తో అటాచ్‌మెంట్‌లో ఉన్నారు?" అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. కర్నల్ గారు అట్లా అడిగేవారు కాదు. "ఆ రోజుల్లో ఎవరి లంగరులో తిన్నావ్?" అనేవారు. లంగరంటే సైన్యంలో వంటశాల. తేదీలు మర్చిపోయినవాళ్లు కూడా తిండి మర్చిపోరు. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఒకాయన, "చపాతీలోళ్లు సాబ్. అన్నం అడిగితే నవ్వెటోళ్లు. పప్పుల బెల్లం ఏస్తుండిరి" అన్నాడు. దాంతో యూనిట్ దొరికింది. ఎవరి లంగరులో తింటే వాళ్ల రేషన్ లెక్కలో ఆ మనిషి ఉంటాడు. అంతకంటే గట్టి సాక్ష్యం మా పనిలో తక్కువ.

ఆయన తర్వాత వచ్చిన పెద్దసారు పద్ధతి వేరు. "రికార్డు అబద్ధం చెప్పదయ్యా" అనేవారు. నిజాయితీపరుడే. తన గురించి ఎవరూ ఎక్కడా తప్పుగా రాయకపోవడం వల్ల ఆయనకు ఆ ధైర్యం. బాలు కేసు ఈ పెద్దసారు ఉన్నప్పుడే వచ్చింది.

బాలు

రమావత్ బాలును మిర్యాలగూడ క్యాంపుకు ఆయన కూతురు సుజాత తీసుకొచ్చింది. వాళ్లది దామరచర్ల వైపు ఒక తండా. సుజాత మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. బాలు సైన్యంలో లారీ డ్రైవరుగా చేసి హవల్దారుగా దిగాడు. కుడికాలు ఈడుస్తూ వచ్చి, సెల్యూట్ మాత్రం నిటారుగా కొట్టాడు.

కూతురే ముందు మాట్లాడింది. "సార్, మా నాయిన తొడల ఇనుప ముక్క ఉంది. ఎక్స్‌రే నేనే తీపిచ్చిన. కాయితంల మాత్రం లారీ పల్టీ కొట్టింది, డ్రైవర్ అజాగ్రత్త అని రాసిండ్రు. పల్టీ కొడితే తొడల గసుంటి ముక్క ఎట్లొస్తది సార్? మా డాక్టరు సారు గూడ గదే అడిగిండు."

ఎక్స్‌రే చూశాను. నేను డాక్టరును కాను, కానీ ఫిరంగి గుండు పేలితే లేచే ముక్కలు ఎట్లా ఉంటాయో సైన్యంలో అందరికీ తెలుసు. శత్రువు గుండుకు గాయపడ్డవాళ్లకు ఇచ్చే పతకం ఒకటుంది. ఈ మనిషికి అది రావాలి. దానికి బదులు ఈయన రికార్డులో నేరం రాసి ఉంది.

"నాకు పతకం గితకం ఏమొద్దు సాబ్. కాలుకు జర మంచి గోలీలు ఇప్పియ్యి సాలు" అన్నాడు బాలు.

"నీకొద్దు, నాకు గావాలె!" సుజాత తండ్రి మీదికి లేచింది. "తండల ఎవలతోనన్న లొల్లి అయితే సాలు, మీ అయ్య మిలట్రీ బండినే బోర్లేసిండు అంటరు సార్. నా పెండ్లిల గూడ అన్నరు. ఈయన ఇని తలకాయ వంచుకుంటడు. ఒక్కనాడు కాదని అనలె." ఆ తర్వాత ఇద్దరూ వాళ్ల లంబాడీ మాటలో గట్టిగా వాదించుకున్నారు. నాకు అర్థం కాలేదు. అర్థం కావాల్సిన అవసరమూ లేదు, ఏ ఇంట్లోనైనా కూతురు గెలిచే గొడవలాగే ఉంది.

నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ఎవరి లంగరులో తిన్నావంటే తడుముకోకుండా చెప్పాడు. సొంత కంపెనీ కింద లోయలో ఉండేది, తాను పైన ఒక పదాతి దళంతో అటాచ్‌మెంట్‌లో ఉండేవాడు, వాళ్ల రేషన్ లారీ నడిపేవాడు. రోడ్డు గుర్తుంది, మలుపు గుర్తుంది, వాన కూడా గుర్తుంది. అన్నీ చెప్పినవాడు ఒక్క ప్రశ్న దగ్గర ఆగాడు.

"పక్క సీట్లో ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు సాబ్."

అక్కడ నాకు తెలిసిపోయింది, ఇతను అబద్ధమాడుతున్నాడని. సరిహద్దు కొండల్లో రేషన్ లారీ ఒంటరిగా కదలదు. తుపాకీతో ఒక జవాను పక్కన కూర్చోవాల్సిందే. మొదట నాకు తట్టిన కారణం ఒకటే. తాగి ఉంటాడు, కాపలా మనిషిని దింపేసి ఒక్కడే వెళ్లి ఉంటాడు అనుకున్నాను. సుజాతను ఎక్స్‌రే రిపోర్టు జిరాక్స్ తీయించుకు రమ్మని పంపాను.

పక్క సీట్లో మనిషి

కూతురు మెట్లు దిగేదాకా బాలు తలుపు వైపే చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

"సైదులు ఉండె సాబ్. కోదాడ పక్కన ఊరు. గంత దూరంల మన జిల్లా మనిషి దొరికితే ఎట్లుంటది, తెల్వదా నీకు? ఇంటికాడికెల్లి పచ్చడి వస్తే నాకు సగం పెట్టెటోడు. ఆ దినం గుండ్లు పడుతుండె. ఒకటి రోడ్డు మీదనే పడ్డది. నా తొడల నిప్పు పెట్టినట్టయింది. బండి కిందికి జారింది. నాకు మళ్ల తెలివొచ్చేటాల్లకు దవాఖానల ఉన్న. సైదులు లేడు."

జరిగింది నాకు అప్పుడు అర్థమైంది. సైదులు పైనున్న పదాతి దళం మనిషి. గుండ్లు పడటం కళ్లారా చూసినవాళ్లు గనుక, తమ జవాను శత్రువు కాల్పుల్లో చనిపోయాడని ఉన్నదున్నట్టు రాశారు. బాలు కంపెనీ కింద లోయలో ఉంది. వాళ్లకు ఫోనులో తెలిసింది లారీ లోయలో పడిందని మాత్రమే. అక్కడి క్లర్కు ప్రమాదమని రాసి, డ్రైవర్ అజాగ్రత్త అని కూడా తగిలించాడు. ఒకే లారీ, ఒకే గుండు. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకడు వీరుడు, ఒకడు దోషి. ఇది సైన్యం వాళ్లు మాత్రమే చేయగల పొరపాటు.

"మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్పబోయిన సాబ్. సర్వీసు దిగినంక ఒక క్యాంపుల కాయితాలు రాసెటాయననడిగిన. ఆయనేమన్నడంటే, ఒకే బండికి రెండు కథలుంటే రెండూ బయటికి తీస్తరు, ఏది చిన్నదైతే దాన్నే ఖాయం చేస్తరు అన్నడు. అంటే ఏమైతది? సైదులు గూడ యాక్సిడెంట్ల పోయినట్టయితది. వాళ్లింటామెకు పెన్షన్ తగ్గుతది. ఊరి మొదట్ల ఆయన బొమ్మ పెట్టిండ్రు సాబ్. దాని కింద రాసింది గూడ చెరిపేస్తరా?"

"నువ్వు ఆ ఊరు పోయావా?"

"ఒక్కపారి పోయిన. వాళ్లింటి ముంగట నిలబడి దూప అయితుందని నీళ్లడిగిన. ఆమె ఇచ్చింది. తాగి వచ్చిన."

బాలు మీద గౌరవం ఎంత కలిగిందో, క్యాంపులో అట్లా చెప్పిన ఆ కాగితాలు రాసే మనిషి మీద కోపం అంత వచ్చింది. అతనికి అసలు నిబంధన తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ పడి ఊహించి చెప్పాడు. ఆ ఊహకు ఒక మనిషి సగం జీవితం తల వంచుకొని తిరిగాడు. మన కుర్చీలో కూర్చున్నవాళ్ల మాటను జనం సర్కారు మాట అనుకుంటారు. తెలియకపోతే తెలియదనండి, కనుక్కొని చెప్తాననండి. కొంపలు మునగవు.

ఎవరిని అడగాలి

పెద్దసారుకు విషయం చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఆ చనిపోయినాయన ఆర్డర్ ఉంది కదా, దాన్నే జతచేసి పంపేయండి. ఈ డ్రైవరును బతిమాలేది ఏముంది?" అన్నారు. పద్ధతి ప్రకారం ఆయన మాటలో తప్పులేదు. నాకు మనసొప్పలేదు. బాలు ఇన్నేళ్లు కాపాడింది సైదులు భార్యను. ఆమెకు తెలియకుండా ఆమె భర్త కాగితాన్ని బయటికి తీయడమంటే, దొడ్డిదారిన ఇంట్లోకి దూరినట్టే. కొంత వ్యవధి అడిగితే గొణుక్కుంటూనే ఇచ్చారు.

మా ఆఫీసు నుంచి కూడా దిగిపోయి హైదరాబాదులో ఉంటున్న పాత కర్నల్ గారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. అదే గొంతు, ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

"ఆమె కాగితంలో రాసింది నిజమా కాదా?"

"నిజమే సార్."

"నిజం పక్కన ఇంకో నిజం పెడితే మొదటిది పడిపోతుందా? ఇంకా గట్టిపడుతుంది. కానీ ఆమెను అడగకుండా ముట్టుకున్నావో, నీ సంగతి చూస్తా."

ఆయన మాట మీద నమ్మకం ఉన్నా, పేర్లు లేకుండా పై ఆఫీసుకు ఒక ప్రశ్న రాసి పంపాను. ఇటువంటి సందర్భంలో చనిపోయిన జవాను విషయం తిరగదోడతారా అని. తిరగదోడరని, అతని యూనిట్ కళ్లారా చూసి రాసింది గనుక అదే ఆధారమవుతుందని జవాబొచ్చింది. దాన్ని తీసుకొని బాలు దగ్గరికి వెళ్లాను. సుజాత మూడుసార్లు చదివి వినిపించింది. అప్పటికి ఆ అమ్మాయికీ సంగతి తెలిసింది. తండ్రిని ఒక్క మాట కూడా అనలేదు, పక్కన కూర్చొని ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆమె వద్దంటే?" అన్నాడు బాలు.

"అక్కడితో ఆపేస్తాను."

"మాటనా సాబ్?"

"సుబేదారు మాట."

కోదాడ

సైదులు భార్య పేరు కోటమ్మ. కోదాడకు కాస్త దూరంలో వాళ్ల ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతుంది. మా క్యాంపులకు వచ్చేది గనుక నాకు పరిచయమే. మేము ముగ్గురం వెళ్లేసరికి ఎవరికో చింతపండు తూచి ఇస్తోంది. ఊరి మొదట్లో సైదులు విగ్రహం దగ్గర బాలు ఆటో ఆపించి, దిగి సెల్యూట్ చేసి వచ్చాడు.

"ఏందండీ సుబేదారు గారూ, ఇట్టా ఇంటికే వచ్చారు? పెన్షన్ ఏమన్నా ఆగిందా?" అంది కోటమ్మ, ముందే కంగారుపడి.

"ఏం ఆగలేదమ్మా. ఈయన పేరు బాలు. సైదులు ఎక్కిన లారీ నడిపింది ఈయనే."

ఆమె చేతిలో తూనికరాయి గల్లాపెట్టె మీద పెట్టింది. కొట్టుకొచ్చిన పిల్లను తర్వాత రమ్మని పంపేసింది. బాలు చేతులు జోడించి నిలబడే ఉన్నాడు. నేను కాగితాల సంగతి, రెండు ఆర్డర్ల సంగతి చెప్పబోతే ఆమె చేయెత్తి ఆపింది.

"అయ్యన్నీ తర్వాత చెబుదురు గానీ. అన్నా, నువ్వు ఆయన పక్కనే ఉన్నావా? చివర్లో?"

"ఉన్న చెల్లె."

"ఆయన్ని తెచ్చిన పెట్టె తెరవనియ్యలేదన్నా. వచ్చినోళ్లనల్లా అడిగాను. అందరూ వీరమరణం, వీరమరణం అన్నారు. వీరమరణమంటే ఎట్టాగో ఒక్కళ్లూ చెప్పలా. నొప్పి పడ్డాడా? ఎంతసేపు ఉన్నాడు? ఏమన్నా అన్నాడా? ఈ మాట అడగని రోజు లేదు నేను, ఆ ఫోటోని."

బాలు జోడించిన చేతులు దించాడు. "ఎంబడే పోయిండు చెల్లె. నొప్పి తెల్వలె. దవాఖానల డాక్టరు సాబ్‌ను నేను గదే అడిగిన. అంతకుముందు..." అని ఆగాడు.

"చెప్పన్నా."

"నేను బండి నడిపేటప్పుడు మా తండ పాటలు పాడుతుంటి. సైదులుకు నచ్చకపోతుండె. ఆ దినం గుండ్ల సప్పుడు మొదలైనా నేను పాడుతనే ఉన్న, భయానికి. 'నీ పాట ఆపురా నాయనా, గుండు ఎటు పోతుందో వినపడనీ' అన్నడు. అంతే. గదే కడసారి మాట."

కోటమ్మ ఉన్నట్టుండి నవ్వింది. "ఆయనే! ఆయనే అది. ఇంట్లో నేను కూనిరాగం తీసినా అంతే, చెవులు మూసుకునేవాడు" అంటూ నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోయాయి. సుజాత వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నేను వీధి వైపు తిరిగి నిలబడ్డాను. ఏడవలేదని రాస్తే అబద్ధమవుతుంది.

తేరుకున్నాక నేను మిగతాదంతా చెప్పాను. బాలు రికార్డులో ఏముందో, ఎందుకు నోరు మూసుకున్నాడో, ఒకసారి ఆమె గడప దాకా వచ్చి నీళ్లు తాగి ఎట్లా పోయాడో. ఆమె మొహం మారిపోయింది. ఇంత కోపం వస్తుందని నేను ఊహించలేదు.

"నా పెన్షన్ పోతుందని, నా దగ్గర నా మొగుణ్ణే దాచిపెట్టావా అన్నా? నీళ్లు తాగినప్పుడు ఆ ఒక్క మాట చెప్పి పోతే ఏం పోయేది? పాట ఆపమన్నాడని చెప్పి పోతే?"

"తప్పయింది చెల్లె" అన్నాడు బాలు.

ఆమె లోపలికి వెళ్లి సైదులు ఆర్డరు ఉన్న సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో చూపించండి. నా పెన్షన్ సంగతి మీరు చెప్పక్కర్లేదు. ఉంటే ఉంటది, పోతే కొట్టుంది. ఈయన బండి పడేశాడని రాసి ఉన్నన్నాళ్లూ, మా ఆయన గుండుకు కాదు, డ్రైవరు పడేసిన బండిలో చచ్చిపోయినట్టేగా? నేనొప్పుకోను."

ఈ కోణం నాకు గానీ, పెద్దసారుకు గానీ, అంత తెలివైన కర్నల్ గారికి గానీ తట్టలేదు.

ఆర్డర్ వచ్చిన రోజు

పని తొందరగా కాలేదు. కోటమ్మ వాంగ్మూలం, సైదులు ఆర్డర్, పదాతి దళం రేషన్ లెక్క, సుజాత తీయించిన ఎక్స్‌రే, అప్పట్లో ఆ దళంలో ఉన్న ఒక అధికారి ఉత్తరం, అన్నీ జతచేసి పంపాం. ఒకసారి తిరిగొచ్చింది. పెద్దసారు దాన్ని చూసి నన్ను పిలిచి, "మళ్లీ పంపండి. ఈసారి నా పేరుతో కూడా ఒక పేజీ రాస్తాను" అన్నారు. రికార్డు అబద్ధం చెప్పదన్న మనిషి ఆయనే. నాకు ఆయన మీద ఉన్న చిన్నచూపు ఆ రోజుతో పోయింది. మనుషుల మీద తొందరపడి తీర్పులివ్వడం మన కుర్చీ జబ్బు, అది నాకూ ఉండేది.

ఆర్డర్ మిర్యాలగూడ క్యాంపు రోజునే చేతికొచ్చింది. కబురు పెడితే తండ్రీ కూతుళ్లు వచ్చారు. సుజాత డ్యూటీ బట్టల్లోనే ఉంది. శత్రువు కాల్పుల్లో గాయపడినట్టు ఆర్డర్ మార్చారు, పతకానికి అర్హుడని రాశారు, అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. సంబరంగా చెప్పాను. బాలు కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"ముందుగాల కోటమ్మ చెల్లెకు ఫోన్ కొట్టు సాబ్. ఈ నెల పెన్షన్ పడ్డదా అడుగు."

చేశాను, అందరికీ వినపడేట్టు పెట్టాను.

"పడింది, ఎప్పటిలాగే పడింది" అంది కోటమ్మ. "అన్న పక్కనే ఉన్నాడా? అన్నా, పతకం వచ్చిందాకా ఆగొద్దు. బజార్లో కొని పెట్టుకొని రా. మా ఆయన పక్కన కూర్చున్నోడు మా ఊరికి తలెత్తుకొని రావాలి. ఈసారి నీళ్లు తాగి పోతానంటే ఊరుకోను, అన్నం తిని పోవాలి."

ఫోన్ పెట్టేశాక బాలు కూతురికి కాగితం అందించి చదవమన్నాడు. ఇంగ్లిషులో ఉన్నదాన్ని ఆమె మన మాటలో చెప్పింది. శత్రువు గుండు పేలి లారీ అదుపు తప్పిందనీ, డ్రైవర్ తప్పేమీ లేదనీ.

"డ్రైవర్ తప్పు లేదని రాసిండ్రా? మంచిగ సూడు."

"రాసిండ్రు నాయినా. నీ తప్పేం లేదు."

బాలు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అంతమంది ముందు కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా ఆయన తుడుచుకోలేదు.

"గిన్నేండ్లు గట్ల రాసి ఉంటే, నేనే పల్టీ కొట్టిచ్చిన్నేమో, సైదులును నేనే సంపిన్నేమో అని నాకే అనిపిస్తుండె సాబ్" అన్నాడు.

సుజాత తండ్రి వైపు చూసింది. ఆ మాట ఆమె కూడా మొదటిసారి వింటోంది.

"మళ్లొకపారి సదువు బిడ్డా" అన్నాడు బాలు. ఆమె మొదటి నుంచి మళ్లీ చదివింది.